నిజాయితీకి గడి లేదు

విద్యుత్ నియంత్రణ మండలిలో సభ్యుడు కాదగినవాడు ఎవరో చట్టం ఒక్క వాక్యంలో చెబుతుంది. అతడు సమర్థుడై, నిజాయితీపరుడై, సమాజంలో గౌరవం ఉన్నవాడై ఉండాలి. ఇంజినీరింగు, ఆర్థికం, వాణిజ్యం, న్యాయం, నిర్వహణ వంటి వాటిలో చాలినంత జ్ఞానం ఉండాలి. ఆ సమస్యలతో వ్యవహరించగల శక్తిని చేతల్లో చూపి ఉండాలి. ఈ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. మొదట ఉద్యోగ ప్రకటనలా చదివాను. పోనుపోను, నన్ను బాగా ఎరిగినవారెవరో నా గురించి రాసిన మాటలా చదవసాగాను.

నా పేరు వరప్రసాదరావు. విద్యుత్ పంపిణీ సంస్థలో ముప్పై ఐదేళ్ళు పనిచేసి, చీఫ్ ఇంజినీరుగా విరమించి, అనకాపల్లి గవరపాలెంలో ఉంటున్నాను. నాకు అరవై రెండు. సభ్యుడి పదవీకాలం ఐదేళ్ళు, లేదా అరవై ఐదు నిండేవరకు. ఏది ముందైతే అది. అంటే నాకు దక్కితే దక్కేది మూడేళ్ళ లోపే. ఈ ఖాళీ తప్పిపోతే మరో ఖాళీ నా వయసులోకి రాదు.

ఛార్జీల మీద ఏటా బహిరంగ విచారణ జరుగుతుంది. సంస్థ తరఫున నేను బల్లకు ఇవతల కూర్చుని, అవతల ఉన్న ముగ్గురు సభ్యుల ముందు, పైనుంచి వచ్చిన అంకెలను నావిగా చదివేవాణ్ణి. ఎవరో రైతు లేచి తన మోటారు ఎందుకు కాలిపోయిందో అడిగేవాడు. జవాబు నాకు తెలిసేది. చెప్పవలసిన జవాబు వేరే ఉండేది. బల్లకు అవతల ఒక్కసారి కూర్చోవాలన్న కోరిక అక్కడ పుట్టింది. అది న్యాయం మీద ప్రేమ అని చాలాకాలం అనుకున్నాను. మా నాన్న బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసిన మనిషి. ఆయన కొడుకు రాజముద్ర ఉన్న తలుపు వెనుక కూర్చోవాలన్న ఆశకు అందులో ఎంత పాలు ఉందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఎంపిక సంఘంలో ముగ్గురుంటారు. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఒకరు, రాష్ట్ర ప్రధాన కార్యదర్శి ఒకరు, కేంద్రం తరఫున మరొకరు. ఒక్కో ఖాళీకి వారు రెండేసి పేర్లు పంపాలి. ప్రభుత్వం అందులో ఒకటి ఎంచుకుంటుంది. మమ్మల్ని పిలిచి మాట్లాడిన రోజున న్యాయమూర్తిగారు నాకు మంచినీళ్ళ గ్లాసు తానే జరిపారు. సంక్షోభంలో మీరు చేసిన పని ఒకటి చెప్పండి అన్నారు. తుఫాను తరువాత పది రోజుల్లో కరెంటు ఎలా తెప్పించానో చెప్పాను. ముగ్గురూ తల ఊపారు. నిజాయితీ గురించి ఎవరూ అడగలేదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడగదగిన ప్రశ్న కాదది.

పంపిన రెండు పేర్లలో నాది ఒకటని తెలిసింది. రెండోది భానుశ్రీగారిది. విశాఖలో న్యాయశాస్త్రం బోధించి విరమించిన మనిషి. బహిరంగ విచారణల్లో వినియోగదారుల పక్షాన ఆమె వేసిన ప్రశ్నలకు నేను వరుసగా మూడేళ్ళు తడబడ్డాను.

ఆ సాయంత్రం రామ్‌గోపాల్ మా వరండాలో ఆగాడు. హైస్కూల్లో నాతో చదివినవాడు. మూడు తరాలుగా వాళ్ళది బెల్లం వ్యాపారం. నడకకు వెళ్తూ ఇక్కడ ఆగడం, ఆగాక నడక మానడం అతని అలవాటు.

"ఒక ఉద్యోగానికి రెండు పేర్లేటి బావా?" అన్నాడు.

"చట్టం అలా ఉంది."

"చట్టం కాదెహె, అది మా కొట్టు కిటుకు. అమ్మదల్చుకున్న దిమ్మ పక్కన కాస్త నల్లటిది ఇంకోటి పెడతాం. కొనేవోడు తనే ఏరుకున్నాననుకుని సంతోషంగా పోతాడు."

"మరి నేను ఏ దిమ్మని?"

"అది పెట్టినోడికి తెలుత్తాది. దిమ్మకేటి తెలుత్తాది?"

టీ తెచ్చిన నా భార్య రూతమ్మ నవ్వింది. "ఈయన అప్పుడే చర్చి కమిటీకి రాజీనామా ఇచ్చేసేరు అన్నయ్యా. ఇంకా రాని కుర్చీ కోసం ఉన్న కుర్చీ ఖాళీ చేసేరు."

నిజమే. సభ్యుడు మరే పదవిలోనూ ఉండకూడదన్నది నియమం. చర్చి పెద్దల కమిటీ దాని కిందికి వస్తుందో రాదో నన్నెవరూ అడగలేదు. నేనే ముందుగా రాసి ఇచ్చాను. పాస్టరుగారు కాగితం రెండుసార్లు చదువుకున్నారు. కరెంటు సంస్థల్లో నాకు వాటాలు లేవని, నా వాళ్ళెవరూ ఆ వ్యాపారంలో లేరని ప్రమాణపత్రం కూడా ఇచ్చాను. దరఖాస్తులో పుట్టిన తేదీకి ఒక గడి, పట్టాకు ఒక గడి, అనుభవానికి మూడు గడులు, ఆస్తులకు విడిగా ఒక పుట ఉన్నాయి. నిజాయితీకి గడి లేదు. దాని స్థానంలో ఒక ప్రశ్న ఉంది: మీపై ఫిర్యాదులేమైనా పెండింగులో ఉన్నాయా? లేవని రాశాను. నాకు తెలిసి లేవు. ఫిర్యాదు లేకపోవడాన్నే నిజాయితీ అనుకోవడం కార్యాలయాలకు ఉన్న అలవాటు. ఆ అలవాటు నీడలోనే ముప్పై ఐదేళ్ళు నేనూ మంచివాడిగా బతికాను.

మరుసటి వారం సన్యాసిరావు ఫోన్ చేశాడు. ఒకప్పుడు నా కింద అసిస్టెంట్ ఇంజినీరు. ఇప్పుడు సంస్థ ప్రధాన కార్యాలయంలో విజిలెన్సు ఫైళ్ళు చూస్తాడు.

"సార్, చిన్న ఇబ్బంది. మీ క్లియరెన్సు పంపేద్దామని ఫైలు తీత్తే ఓ కాగితం అడ్డం తగిలింది. కోటవురట్ల నూకరాజు కేసు గుర్తుందా? వాడి భార్య పైడితల్లి ఏటా కలెక్టరాఫీసు గ్రీవెన్సులో అర్జీ పెడతంది. అది తిరిగి తిరిగి మాకే వత్తాది. ఈసారి మీ పేరు రాయించింది."

"ఏమని?"

"ఫోన్ మీద ఎల్.సి. చాలని డి.ఈ. గారే చెప్పేరు, మా ఆయన ఆ మాట ప్రకారమే చేసేడు, తప్పు ఆయన మీదకి తోసేసేరు అని. మీరు రిమార్కులు పంపాలి సార్. పెద్దగా ఏటీ అక్కర్లేదు. అలాంటి ఆదేశం నోటితో ఇచ్చేరా, లేదా. ఒక్క ముక్క. లేదని రాత్తే అర్జీ క్లోజు చేసేత్తాం, క్లియరెన్సు మర్నాడే పంపేత్తాం."

"ఇచ్చానంటే?"

"ఇచ్చేనంటే కేసు మళ్ళీ తెరవాలి సార్. తెరిచిన కేసున్న పేరు ముందుకి పోదు. మేడమ్ పేరొక్కటే మిగుల్తాది. ఆవిడొత్తే ఇక్కడ ఎంతమందికి నిద్రుండదో మీకు తెలుసు. మీరైతే మన మనిషి."

మన మనిషి అన్న మాటకు నాకు కోపం రావలసింది. హాయిగా అనిపించింది.

నూకరాజు కాంట్రాక్టు లైన్‌మన్. నేను నర్సీపట్నంలో డివిజనల్ ఇంజినీరుగా, అంటే డి.ఈ.గా, ఉన్న రోజుల్లో కోటవురట్ల సబ్‌స్టేషన్ కింద పనిచేసేవాడు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు వెళ్ళి, ఆ లైనులో కరెంటు ఆపించి, పుస్తకంలో రాయించి, సంతకం చేసి చీటీ తీసుకోవాలి. దాన్ని లైన్ క్లియర్ అంటారు, ఎల్.సి. అని వాడుక. పని ముగిసి దిగాక ఆ మనిషే వచ్చి చీటీ తిరిగి అప్పగించాలి. అంతవరకు ఆ లైనుకు కరెంటు ఇవ్వరాదు.

పదకొండేళ్ళ కిందటి తుఫానుకు వందల స్తంభాలు పడిపోయాయి. మాకవరపాలెం నుంచి కోటవురట్ల వరకు రోడ్లకు అడ్డంగా చెట్లు. ఒక్కొక్క చీటీకి ఎనిమిది పది కిలోమీటర్లు వెళ్ళి రావాలంటే పని సాగదు. పైనుంచి గంటకొక ఫోన్ వచ్చేది. ఒక పొద్దున సబ్‌స్టేషన్ ఆవరణలో అందరినీ నిలబెట్టి, ఫోన్ మీద ఎల్.సి. చాలు, పుస్తకం తరువాత రాసుకోవచ్చు అన్నాను. లైన్‌మన్లు సంతోషించారు. పది రోజుల్లో అన్ని ఊళ్ళకూ కరెంటు వచ్చింది. నాకు ప్రశంసాపత్రం వచ్చింది.

తుఫాను వెళ్ళిపోయింది. ఫోన్ ఉండిపోయింది. ఇక వద్దని నేను చెప్పలేదు. నాలుగు నెలల తరువాత ఒక మధ్యాహ్నం నూకరాజు ఫోన్ చేసి, లైను ఆపించి, స్తంభం ఎక్కాడు. రెండు గంటలకు సబ్‌స్టేషన్‌లో షిఫ్టు మారింది. దిగిపోయే ఆపరేటరు చెప్పడం మరచాడు. కొత్తగా వచ్చినవాడు పుస్తకం చూశాడు. పుస్తకంలో ఏమీ లేదు. స్విచ్ వేశాడు.

శాఖాపరమైన నివేదిక నేనే రాశాను. పాత ఆపరేటరు భయపడి తనకు ఫోనే రాలేదన్నాడు. ఆ మాట అబద్ధమని నాకు తెలుసు; అతణ్ణి రెండోసారి అడగలేదు. లైన్ క్లియర్ పొందకుండా స్తంభం ఎక్కినందున, మృతుని స్వీయ నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణమని రాశాను. ఆ పుస్తకం చూసినవాడెవడైనా అదే రాస్తాడు. ఆ పుస్తకం ఎందుకు ఖాళీగా ఉందో తెలిసినవాడు మాత్రం రాయకూడదు. నా వాక్యం వల్ల కుటుంబానికి పూర్తి పరిహారం రాలేదు, పైడితల్లికి ఉద్యోగమూ రాలేదు.

రూతమ్మ ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. సన్యాసిరావు ఫోన్ సంగతి చెప్పినప్పుడు ఆమె సండే స్కూలు పిల్లల జవాబు కాగితాలు దిద్దుతోంది. తల ఎత్తలేదు.

"చెప్పేరా, లేదా?" అంది.

"చెప్పాను. కానీ అది తుఫాను రోజులకు."

"తుఫానెళ్ళేక వద్దన్నారా?"

"అనలేదు."

"మరింక ఆలోచనేటండీ? చెప్పేనని రాసి పంపేయండి."

"పంపితే ఈ పదవి పోతుంది."

"పోతాది," అంది రూతమ్మ, తరువాతి కాగితం తీసుకుంటూ.

అంత తేలికగా అనగలిగినందుకు ఆమె మీద కోపం వచ్చింది. ఆ పూటంతా గదిలో కూర్చుని కారణాలు పేర్చుకున్నాను. భానుశ్రీగారు పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది నేను స్తంభం కింద నిలబడి తెలుసుకున్నాను. ఆ కుర్చీలో నేనుంటే, లైన్‌మన్ల భద్రతకు ఇంత ఖర్చు పెట్టి తీరాలని సంస్థను ఆదేశించవచ్చు. ఒక్క నూకరాజుకు చేయలేకపోయిన న్యాయం వేయిమందికి చేయవచ్చు. నిజం చెప్పి ఇంట్లో కూర్చునేవాడి కంటే, ఒక్క అబద్ధం మోస్తూ పనికివచ్చేవాడు మేలు కాదా? ఆలోచన ఇంత నున్నగా సాగుతున్నప్పుడు దాన్ని అనుమానించాలని చదువు నాకు నేర్పింది. అనుమానించాను కూడా. అనుమానించానన్న తృప్తి ఒకటి అదనంగా మిగిలింది.

రెండు రోజుల తరువాత కోటవురట్ల బయలుదేరాను. ఆమెకు నిజం చెప్పడానికే వెళ్తున్నానని నన్ను నేను నమ్మించుకుని కారెక్కాను.

ఊరి చివర రెండు గదుల ఇల్లు. పైడితల్లి అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. ఆమె తమ్ముడు నానాజీ లోపల అన్నం తింటున్నాడు. అతడూ ఆ సబ్‌స్టేషన్‌లోనే కాంట్రాక్టు లైన్‌మన్.

"ఎవులు బాబూ?" అందామె.

"అప్పట్లో నర్సీపట్నంలో డి.ఈ.గా చేశానమ్మా."

ఆమె లేచి నిలబడింది. జీడి చమురు పట్టి చేతివేళ్ళు నల్లగా ఉన్నాయి. "కుర్సీ మీరే లాక్కోండి బాబూ. నాను ముట్టుకుంటే బట్టలకి అంటుకుంటాది. అర్జీలో పేరెట్టేనని కోపంగా వచ్చేరా? నాకు సదువు రాదు. రాసినోడు పేరుండాలన్నాడు. పేరు నేకపోతే కాయితం కదల్దంట."

"కోపం లేదమ్మా. ఏం కోరుతున్నావో అడుగుదామని వచ్చాను. ఉద్యోగమా?"

"ఉజ్జోగమా?" నవ్వింది. "ఇప్పుడిత్తే ఏటి సేత్తాను బాబూ, కంబాలెక్కుతానా? పిల్లలా నేరు. ముందు డబ్బుల కోసమే ఎట్టేను అర్జీ, అబద్దమెందుకు. ఇప్పుడదీ కాదు." లోపలికి చూసి పిలిచింది. "ఒరే, బాబుకి సెప్పరా."

నానాజీ చెయ్యి కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఎందుకులే అప్పా."

"సెప్పు మరి. ఏటా ఆ రోజు ఇంటికొచ్చి కూడు మానేత్తావు గదా. నా ముందే పౌరుషమా?"

అతడు నన్ను చూడకుండా చెప్పాడు. ఏటా వేసవిలో సంస్థ భద్రతా వారం జరుపుతుంది. లైన్‌మన్లందరినీ సబ్‌స్టేషన్ ముందు వరుసగా నిలబెట్టి ప్రమాణం చేయిస్తారు. అంతకుముందు ఒక కాగితం చదువుతారు. పాత ప్రమాదాలు, వాటివల్ల నేర్చుకోవలసిన పాఠాలు. అందులో మొదటిది నూకరాజుది.

"పేరు సదువుతారండి. ఊరు సదువుతారు. లైన్ క్లియర్ తీసుకోకుండా ఎక్కేడు, సచ్చిపోనాడు అని సదువుతారు. అలాగ మేం సెయ్యం అని అందరిసేతా అనిపిత్తారు. నేనూ గట్టిగా అనాల. అనకపోతే వరసలోంచి బయటికి పిలుత్తారండి. తొమ్మిదేళ్ళ బట్టీ అంతన్నాను."

ఆ కాగితం సంగతి నాకు తెలుసు. కేసులు నివేదికల నుంచి ఎత్తి రాస్తారు. మొదటి ఏడాది ఆ ప్రతిని ఆమోదించిన సంతకాల్లో నాదీ ఒకటి.

"పోనోడ్ని ఏడాదికోపాలి తీసుకొచ్చి నిలబెట్టి తిడతన్నారు బాబూ," అంది పైడితల్లి. "ఆ మద్దేనం ఆయన ఈ అరుగు మీదే నిలబడి ఫోన్ సేసేడు. నాను ఇన్నాను. పుస్తకంలో రాయించుకోవా అని నానే అడిగేను. డి.ఈ. బాబే ఫోన్ సాలన్నారే, నీకేటి తెలుసు అని ఎక్కిరించి ఎల్లిపోనాడు. ఊర్లో ఎవులికి సెప్పినా, నీ మొగుడు గదా, అలాగే అంతావులే అంతారు. మీరు సెప్పండి. నాను ఇన్నది కల గాదు గదా?"

తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపులో నిలదీయడం లేదు. ఆమె నిజంగా తెలుసుకోగోరుతోంది. ఊరంతా కాదన్నదాన్ని పదకొండేళ్ళు ఒక్కతే నమ్మి, తన చెవుల మీద తనకే నమ్మకం సడలుతున్న మనిషి. ఆమెకు కావలసింది నా దగ్గర ఉంది. రెండు మాటలు. చెప్పడానికే వచ్చాను.

"ఆ కాగితం చదవడం ఆపిస్తానమ్మా," అన్నాను.

అడిగినదానికి అది జవాబు కాదు. ఆ తేడా ఆమెకు తట్టలేదో, తట్టినా దొరికినదాన్ని ముందు పుచ్చుకుందామనుకుందో, నల్లటి చేతులు జోడించింది. నానాజీ కారు దాకా వచ్చాడు.

"నిజంగా ఆపిత్తారా సార్?"

"ఆపిస్తాను."

"ఆపితే సాలండి," అన్నాడు.

చాలు అన్న ఆ మాట పట్టుకుని నేను అనకాపల్లి దాకా వచ్చాను. ఒక బేరం కుదిరింది. అది బేరమని నాకు తప్ప వాళ్ళిద్దరికీ తెలియదు.

సన్యాసిరావుకు ఫోన్ చేశాను. "ఆ సేఫ్టీ కాగితమా సార్? అదెంత పని. ఈ ఏడాది నుంచి ఆ కేసే ఎత్తేత్తాం. పేరు గాని, ఊరు గాని ఎక్కడా రాదు. మరి మీ రిమార్కులు?"

ఆ సాయంత్రమే రాశాను. అటువంటి మౌఖిక ఆదేశమేదీ నేను ఇవ్వలేదు. ఒక పంక్తి, కింద సంతకం. రాశాక ఇంకోసారి చదివి, ఒక మాట తీసేస్తే వాక్యం బిగువుగా ఉంటుందనిపించి, మరో కాగితం మీద తిరగరాశాను.

రూతమ్మ వచ్చి కుర్చీ వెనుక నిలబడి చదివింది.

"కోటవురట్ల వెళ్ళింది ఇందుకా?"

"ఆమె కోరింది చేయిస్తున్నాను. ఆ చదవడం ఆగిపోతుంది."

"ఇంకేటీ అడగలేదా ఆవిడ?"

కాగితం మడిచి కవరులో పెట్టాను. రూతమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మీదట ఈ విషయం నా దగ్గర ఎత్తలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె మౌనాలన్నింటికీ నాకు అర్థాలు తెలుసు. ఇది వాటిలోది కాదు.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. చట్టంలోని వాక్యాన్నే ఎత్తి రాసి, ఆ గుణాలన్నీ ఉన్నాయని సంతృప్తి చెందినందున అని నా పేరు వేశారు. కాగితం మీద నా పేరు పక్కన నిజాయితీ అన్న మాట చూడాలని ఎన్ని నెలలు ఎదురుచూశానో. చూశాను. ఆ మాటను దాటి పై పంక్తికి, కింది పంక్తికి చూపు పోయింది గాని దాని మీద నిలవలేదు.

రామ్‌గోపాల్ పూలదండ తెచ్చాడు. "మొత్తానికి నిన్నే కొన్నారు బావా," అన్నాడు. అతనికి ఏమీ తెలియదు. నవ్వాను. భానుశ్రీగారు ఒక సందేశం పంపారు. స్తంభాల కింద నిలబడిన మనిషి అక్కడ ఉండడం మంచిదే, లైన్‌మన్ల సంగతి మీకంటే ఎవరికి తెలుసు అని. అందులో వ్యంగ్యం కోసం వెతికాను. కనిపించి ఉంటే ఆ మనిషి మీద కొంచెం కోపం తెచ్చుకునే వీలుండేది.

ప్రమాణం చేశాను. కుర్చీ నేను అనుకున్నంత ఎత్తుగా లేదు. లైన్‌మన్ల భద్రత మీద ఆదేశం ఇస్తాననుకున్న మనిషికి మొదటి రెండు నెలలు దస్త్రాలు చదవడంతోనే సరిపోయింది. మూడో నెలలో ఆ మాట ఎత్తాను. సంస్థ తరఫున వచ్చిన అధికారి, మా దగ్గర ఇటీవలి పదిహేనేళ్ళలో నిర్వహణ లోపం వల్ల జరిగిన ప్రాణనష్టం లేదని జాబితా చూపించాడు. ఆ జాబితా ఎలా తయారవుతుందో నాకు తెలుసు. తెలుసునని చెప్పాలంటే ఎలా తెలుసో చెప్పాలి. తరువాతి అంశానికి వెళ్ళాం.

ఎండాకాలం వచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. ఆదివారం ఉదయం చర్చికి తయారై వరండాలో ఉన్నాను. రూతమ్మ బైబిలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఫోన్ మోగింది.

"సార్, నానాజీనండి. భద్రతా వారం అయిపోనాదండి. ఈ ఏడు సదవనేదు."

"మంచిది."

"ఎవులి పేరూ సదవనేదు. ప్రమాణం సేయించి పంపీసినారు. కొత్తగా సేరినోళ్ళు అడిగేరండి, ఈ సబ్‌స్టేషన్ కింద ఎవులైనా పోనారా అని. అలాటిదేటీ నేదని సెప్పేరు పెద్దోళ్ళు. నేనూ ఏటీ అననేదండి. అప్ప మాటాడతాదంట."

పైడితల్లి గొంతు వచ్చింది. "సల్లగుండాలి బాబూ. మాటన్నారు, నిలబెట్టుకున్నారు. నా అర్జీ కొట్టీసినారని కాయితమొచ్చింది. సదివించుకున్నాను. డి.ఈ. గారు అలాటి మాట సెప్పనేదని రాసుందంట అందులో."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"తెలవక అడుగుతన్నాను, తప్పుగా అనుకోకండి. మీరు సెప్పనే సెప్పకపోతే, ఆ సదవడం ఎందుకాపించేరు బాబూ?"

పదవి నాకు వచ్చేసింది. అర్జీ మూతపడింది. ఇప్పుడు నిజం చెప్పడానికి నాకయ్యే ఖర్చేమీ లేదు. అందుకే చెప్పగలిగాను.

"చెప్పానమ్మా. ఫోన్ చాలని నేనే చెప్పాను. నూకరాజు తప్పు లేదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే ఆ ముక్కే ఓ కాయితం మీద రాసియ్యండి బాబూ. ఎక్కడా ఎట్టను. ఎవులికీ సూపను. ఇంట్లో ఎట్టుకుంటాను."

జవాబు వెతుక్కోవలసిన పని లేకపోయింది. సిద్ధంగానే ఉంది. పైగా అది అబద్ధం కూడా కాదు.

"ఈ పదవిలో ఉన్నవాణ్ణి అలాంటి కాగితాలు రాసివ్వకూడదమ్మా. నియమాలు ఒప్పుకోవు. నోటితో చెప్పాను కదా."

"ఆయనకీ మీరు నోటితోనే సెప్పేరు బాబూ," అంది పైడితల్లి.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. జ్ఞాపకం చేసుకుని, సరిచూసుకుని అన్నట్టుగా అంది. ఫోన్ తమ్ముడికి ఇచ్చేసింది. ఉంటాను సార్ అన్నాడతడు.

గుమ్మం వైపు చూశాను. రూతమ్మ అప్పటికే చర్చికి వెళ్ళిపోయింది.